గాలి చీర పేరంటాలు

గాలి చీర కట్టిందే, గడప దాటి వచ్చిందే,
పసుపు రాయ వంగితేను పాదమే కనపడదే,
పీట వేసి పిలిచానే, పేరు అడగ మరిచానే...

ఆ తర్వాత నాలుగో ముక్క ఒకటుంది. అది మంగతాయారుకి గుర్తు లేదు.

అరవై ఏళ్ళ కిందట, రాజోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో, ఆడపిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడుకునే పాట అది. నాలుగో ముక్క నోట్లోంచి వచ్చీ రాగానే అందరూ చేతులు వదిలేసి పరిగెత్తేవాళ్ళు. ఆ పరుగు ఆవిడకి ఇప్పటికీ కాళ్ళలో గుర్తుంది. ఎందుకు పరిగెత్తేవాళ్ళో, ఆ ముక్కే పోయింది.

శ్రావణమాసం అంటే రాజోలులో వాన. భూగోళం కింది కొసన ఈ వెర్రిబీలో మాత్రం పెరట్లో గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టే ఆగస్టు చలి. ఆ శుక్రవారం పొద్దున మంగతాయారు కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, రాత్రి నానబోసిన శనగలు వడకడుతూ, ఆ మూడు ముక్కలే తిప్పి తిప్పి పాడుకుంటోంది. సాయంత్రం వరలక్ష్మీ వ్రతం పేరంటం.

"ఆ నాలుగోది ఇంక ఈ జన్మకి రాదా తాయారూ?" అన్నాడు ద్వారకానాథ్, వెనక తలుపు దగ్గర బూట్లు వేసుకుంటూ. పెళ్ళయిన కొత్తలో విన్న పాట. ఆయనకీ మూడు ముక్కలే వచ్చు.

"వస్తే మొదట మీకే చెప్తాలెండి. పూజ పెట్టుకుని పొద్దున్నే ఆ షెడ్డులోకేనా?"

"నువ్వూ ఒక్క పది నిమిషాలు రా. పేరాచూట్ మడవాలి. నా వేళ్ళు వంగట్లేదు. ఒక కొస నువ్వు పట్టుకుంటే చాలు."

"మడి కట్టుకుని ఆ నూనె గుడ్డ ముట్టుకోమంటారా?"

"మడవకపోతే ఆదివారం బండిని లైన్లోకి రానివ్వరే."

"అయితే మరీ మంచిది," అంది ఆవిడ. శనగలు టపటపా గిన్నెలోకి కొట్టింది.

డెబ్బై అయిదేళ్ళ మనిషి, తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి, చిన్నపిల్లాడిలా మొహం ముడుచుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. అటు చూస్తుంటే ఆవిడకి జాలి వేసింది. జాలి కిందనే, పొయ్యిలో బొగ్గులా, ఇంకోటి కూడా ఉంది.

షెడ్డులో ఉన్నది ఒక పాత పందెం కారు. కారంటే మనం ఎక్కి తిరిగే కారు కాదు. కొంగ ముక్కులా సన్నగా, పొడుగ్గా, షెడ్డు ఈ గోడ నించి ఆ గోడ దాకా ఉంటుంది. ముందు చక్రాలు సైకిలువేమో అన్నంత సన్నం. వెనక చక్రాలు రెండూ మనిషి నడుమెత్తు. ఒక్కడే కూర్చునే గొయ్యిలాంటి సీటు, దాని చుట్టూ ఇనప చట్రం. పధ్నాలుగేళ్ళ కిందట ఎవరో రైతు గోదాములో తుప్పు పట్టి పడి ఉంటే, ఆయన ట్రైలర్ మీద వేసుకొచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషికి ఏదో ఒక కాలక్షేపం ఉండాలి కదా అనుకుంది మంగతాయారు. వారానికోసారి తడిగుడ్డతో తనే తుడిచేది కూడా. దాని పక్కన ఎర్రరంగుతో తీగలా మెలికలు తిరిగిన బొమ్మ ఒకటుండేది. పూలతీగేమో అనుకుని, దాన్ని మరి కాస్త శ్రద్ధగా తుడిచేది.

ఆవిడకి అప్పుడు చదువు రాదు. చిన్నప్పుడు బడికి పంపలేదు. పెళ్ళయ్యాక, "నాకు నాలుగక్షరాలు చెప్పండి," అని ఈయన్ని అడిగింది. "చెప్తాలే," అన్నాడు. ఆ చెప్పేది చెప్పనేలేదు. చివరికి అరవై దాటాక, మనవరాలు అక్షర ఆదివారాలు తెలుగు క్లాసుకి వెళుతుంటే, తోడుగా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని అ ఆలు దిద్దింది. పిల్లలు నవ్వారు. ఆవిడా వాళ్ళతోపాటు నవ్వింది. తెలుగు వచ్చాక, అక్షరే ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్పింది. బ్రెడ్డు కవరు మీదివి, బస్సు నుదుటి మీదివి కూడబలుక్కుని చదవడం ఎంత వింతగా ఉండేదో! నిన్నటిదాకా గీతలుగా ఉన్నవి ఇవాళ నోరు విప్పి మాట్లాడుతుంటే, అన్నాళ్ళూ ఇవి నాతో ఏమేం చెప్పబోయాయో అని ఆశ్చర్యపోయేది.

అలా ఓ రోజు గుడ్డ పట్టుకుని షెడ్డులో నిలబడితే, ఆ పూలతీగ నోరు విప్పింది.

లోర్నా.

ఆ సాయంత్రం టీ ఇస్తూ అడిగింది. "లోర్నా ఎవరండీ?"

ఆయన దాచలేదు. అదే ఆవిడ తట్టుకోలేకపోయింది.

"డ్రైవరు," అన్నాడు. "ఆ కారు ఆవిడదే."

"ఆడమనిషా?"

"ఊఁ. నేను ముందొచ్చి, నీకు వీసా రాక నాలుగేళ్ళు ఒక్కణ్ణే ఉన్నానా... శని ఆదివారాలు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఫ్యాక్టరీలో ఒకాయన తీసుకెళ్ళాడు. పాత విమానాల రన్‌వే. రెండు కార్లు పక్కపక్కన నిలబెడతారు. పచ్చదీపం వెలగ్గానే పావుమైలు, నేరుగా. మలుపుల్లేవు, ఏమీ లేవు. ఏడెనిమిది సెకన్లలో అయిపోతుంది. దాన్ని ఆపాలంటే ఒట్టి బ్రేకులు చాలవు, వెనక నించి పేరాచూట్ విచ్చుకోవాలి. అది మడవడం నా పని."

"మీకెలా వచ్చు?"

"నువ్వు చీర కుచ్చెళ్ళు పోసుకుంటుంటే చూసేవాణ్ణి కదా. అలాగే మడిచేవాణ్ణి. ద్వార్కా మడిస్తేనే కూర్చుంటాననేది లోర్నా." ఆయన టీ చల్లారిపోతోంది. "ఇంజన్లో ఆముదం పోసేవాళ్ళు తెలుసా? మన ఆముదమే. అది కాలితే, మీ నాయనమ్మ దీపం పెట్టినట్టుండేది రన్‌వే అంతా. వెండిరంగు సూట్ వేసుకునేది, నిప్పు అంటకుండా. హెల్మెట్ పెట్టుకున్నాక అంకెలు లెక్కపెట్టేది. ఇంగ్లీషులో కాదు. ఒకటి... రెండు... మూడు అనేలోపు వెళ్ళిపోయేది. నేనే నేర్పాను."

మంగతాయారు కప్పు కింద పెట్టింది. నాకు ఒక్కక్షరం చెప్పడానికి తీరలేదు. ఆవిడకి అంకెలు నేర్పాడు.

"ఇప్పుడెక్కడుంది?"

ఆయన కప్పులో చెంచా తిప్పాడు. "నువ్వు విమానం దిగిన రోజే," అన్నాడు చివరికి. "నేను నీకోసం ఎయిర్‌పోర్టులో ఉన్నాను. ఆ రోజు పేరాచూట్ ఇంకెవరో మడిచారు. అది విచ్చుకోలేదు."

అప్పుడు అర్థమయింది ఆవిడకి. కొత్త దేశంలో మొదటి రోజు. సామాను కూడా విప్పలేదు. ఈయనకి ఎవరో ఫోన్ చేశారు. ఫోన్ పెట్టేసి, వెనక మెట్టు మీద తెల్లవార్లూ కూర్చున్నాడు. నాలుగేళ్ళ తర్వాత చూసిన పెళ్ళాం నచ్చలేదేమో అనుకుని, లోపల మంచం మీద తను మెలకువగా పడుకుంది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ అనుమానం మోసింది. ఇన్నాళ్ళకి అది దిగిపోయింది. దిగి, దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది... ఆ మొదటి రాత్రి కూడా నాది కాదన్నమాట.

ఈ ఆదివారం పాత పందెం కార్ల మేళా. ఆ రన్‌వే మీదే. పధ్నాలుగేళ్ళు బాగుచేసిన ఆ కారుని ఒక్కసారి తనే తోలి, చివర పేరాచూట్ విప్పి చూపించి వస్తానంటాడు ఈయన.

"చిల్ అమ్మమ్మా," అంది ఫోన్లో అక్షర. "ఇట్స్ జస్ట్ ఎ డెమో రన్. స్లోగా పోనిస్తారు. తాతయ్యని ఎంజాయ్ చెయ్యనీ."

"ఎంజాయ్ చెయ్యడం కాదే. ఆయన వెళ్ళేది ఆవిడ దగ్గరికి."

"ఓ మై గాడ్. యూ ఆర్ జెలస్! ఆఫ్ ఎ కార్!"

కారు మీదో, కారులో ఉన్నదాని మీదో ఆవిడకే తెలీదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కుంకుమ భరిణె పట్టుకుని, వీధి వీధీ నడిచి, ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది మంగతాయారు. పక్క వీధి సత్యభామ తలుపు తీసి నవ్వింది. "ఇంత చలిలో ఏంటాంటీ! వాట్సాప్‌లో పెడితే వచ్చేవాళ్ళం కదా."

"వాట్సాప్‌లో పిలిస్తే వీలుంటే వస్తారమ్మా. బొట్టు పెట్టి పిలిస్తే వచ్చి తీరాలి. రానంటే దోషం."

ఇంటికొచ్చేసరికి ఈయన లేడు. ట్రైలర్ తేవడానికి స్నేహితుడు విఠల్ ఇంటికి వెళ్ళాడట, ఫ్రిజ్ మీద చీటీ. చదవడం రావడం వల్ల ఇంకో కష్టం ఇది, చీటీ చదివి ఊరుకోవాలి. పూజకి అక్షింతలు వెయ్యాల్సిన మనిషి, ట్రైలర్ కోసం వెళ్ళాడు. భరిణె చేతిలోనే ఉంది. తిన్నగా షెడ్డులోకి నడిచింది.

లోపల నిశ్శబ్దంగా ఉంది. మడవని పేరాచూట్ బల్ల మీద తెల్లగా కుప్పపడి ఉంది. కారు ముక్కు తలుపు వైపే తిరిగి ఉంది, ఎవరొస్తారా అని చూస్తున్నట్టు.

"మా వైపు రెండో పెళ్ళివాళ్ళు, పోయిన మొదటి భార్యకి చీర పెట్టి, అన్నం పెట్టి దణ్ణం పెట్టుకుంటారు," అంది ఆవిడ దానితో, పొరుగింటావిడతో చెప్పినట్టే. "నేను ముందొచ్చినదాన్నో, నువ్వు ముందొచ్చినదానివో... ఎవరికి తెలుసు."

నవ్వులాటకే అనుకుంది. అనుకుంటూనే వేలు కుంకుమలో ముంచి, ఆ పేరు పైన ఇనప రేకు మీద బొట్టు పెట్టింది.

"లోర్నమ్మా, సాయంత్రం మా ఇంట్లో పేరంటం. తప్పకుండా రా."

వేలు తియ్యబోయి ఆగింది. నెలల తరబడి వెలిగించని ఇంజను. షెడ్డులో నోటి ఆవిరి కనబడేంత చలి. ఆ రేకు మాత్రం... వెచ్చగా ఉంది. నుదురులా.

పేరంటం బాగానే జరిగింది. ఏడుగురు వచ్చారు. పసుపు రాయించుకున్నారు, శనగలు కొంగున పోయించుకున్నారు, అమ్మవారి అలంకారం ఫోటోలు తీసుకున్నారు. చీకటి ఆరు దాటగానే పడిపోయింది. బయట గాలి లేచింది. అందరికంటే చివర సత్యభామ బయల్దేరింది.

"ఇంకా ఎవరైనా రావాలా ఆంటీ? రెండు వాయనాలు మిగిలాయి."

"ఒకటి శేషుకుమారిగారిది. హాస్పిటల్ నించి ఆలస్యంగా వస్తానన్నారు."

"మరి రెండోది?"

మంగతాయారు పళ్ళేలు చూసింది. పిలిచిన వాళ్ళకి సరిగ్గా తనే సర్దింది పొద్దున. ఎనిమిది. తొమ్మిదోది ఎప్పుడు సర్దిందో గుర్తు రాలేదు.

సత్యభామ చెప్పులు వేసుకుంటూ ముక్కు ఎగబీల్చింది. "ఏదో మాడుతున్నట్టు లేదూ? ఆముదం వాసనలా..." అని, గాలికి తలుపు కొట్టుకుంటుంటే నవ్వుతూ కారెక్కి వెళ్ళిపోయింది.

తలుపు వేసి వెనక్కి తిరిగిందో లేదో, కరెంటు పోయింది.

ఇంట్లో దీపం ఒకటే మిగిలింది. అమ్మవారి ముందు చిన్న దీపం. దాని వెలుగు పీట అంచు దాకా వచ్చి ఆగిపోతోంది. ఫ్రిజ్ చప్పుడు ఆగింది. హీటరు చప్పుడు ఆగింది. ఇన్నేళ్ళూ ఆ చప్పుళ్ళు ఉన్నట్టే తెలీలేదు ఆవిడకి, ఆగాక తెలిసింది. గాలి కంచె చెక్కల్ని ఊపుతోంది. ఆముదం వాసన ఇంకా ఉంది. తగ్గలేదు. దగ్గరయింది.

టక్... టక్.

వెనక తలుపు. షెడ్డు వైపుది.

ముందు తలుపు దగ్గర బెల్లు మోగదు కదా, అటు తిరిగి వచ్చుంటారు, అనుకుంది. "రండి శేషుకుమారిగారూ, గడియ లేదు. కరెంటు పోయింది, చూసుకుని రండి."

తలుపు తెరుచుకుంది. చల్లగాలి లోపలికి రావాలి. వేడిగాలి వచ్చింది.

మనిషి నెమ్మదిగా నడిచి వచ్చి పీట మీద కూర్చుంది. మొహం చీకట్లో ఉంది. దీపం వెలుగు మోకాళ్ళ దాకానే. బట్ట మాత్రం తళుక్కుమంది. వెండి జరీ చీరేమో అనుకుంది మంగతాయారు. డ్యూటీ నించి వచ్చి కూడా పట్టుచీర కట్టుకుని వచ్చారే, ఎంత మంచావిడ, అని ముచ్చటపడింది కూడా.

పసుపు గిన్నె తీసుకుని, పాదాలకి రాద్దామని వంగింది.

చెయ్యి చాచింది.

చెయ్యి నేలకి తగిలింది.

కాళ్ళు మడిచి కూర్చున్నారేమోలే... అనుకుంది. పాట లోపలెక్కడో తనంతట తనే తిరుగుతోంది. పసుపు రాయ వంగితేను...

వాయనం పళ్ళెం తీసి, కొంగు కప్పి ముందుకి పట్టుకుంది. చేతులకి అలవాటైన పని. నోటికి అలవాటైన మాట.

"ఇస్తినమ్మ వాయనం."

గాలి ఆగిపోయింది.

తర్వాత జవాబు వచ్చింది. ఒక్కో ముక్కా ఎవరో పక్కన కూర్చుని నేర్పుతుంటే పలికినట్టు. 

"పుచ్చు... కుంటి... నమ్మ... వాయనం."

బరువు పళ్ళెం మీద పడింది. అవతలి నించి పట్టుకున్నారు. ఇత్తడి అంచు వేడెక్కుతోంది.

"ముమ్మాటికీ ఇస్తినమ్మ వాయనం."

"ముమ్మా... టికీ..."

అది శేషుకుమారి గొంతు కాదు.

పళ్ళెం వదిలెయ్యాలి. వేళ్ళు వదలట్లేదు. అడగాల్సిన మాట నోట్లోంచి జారిపోయింది. "నా... నా చేతి వాయనం అందుకున్నదెవరు?"

ఎవరైనా లక్ష్మినమ్మా అంటారు. గౌరినమ్మా అంటారు.

చీకట్లో ఊపిరి. హెల్మెట్ లోపల తీసుకున్నట్టు, ఇరుకుగా...

"ఒకటి..."

ఇత్తడి అంచు చురుక్కుమంది.

"రెండు..."

మూడు అనలేదు.

పరిగెత్తాలి. ఆ పిల్లలందరిలా చేతులు వదిలేసి పరిగెత్తాలి. కాళ్ళు లేవలేదు. కొంగు కింద పళ్ళెం సలసలా కాలుతోంది. వాయనం పుచ్చుకున్నావిడని వరం అడగాలి. అది ఆచారం. ప్రతి ఏడూ ప్రతి ముత్తైదువనీ ఆవిడ అడిగేది ఒకటే... ఆయన చల్లగా ఉండాలి. నలభై ఏళ్ళుగా అదే. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

ఆ మాట రాలేదు.

వెనక మెట్టు మీద కూర్చున్న మనిషి వీపు గుర్తొచ్చింది. పూలతీగ అనుకుని తుడిచిన ఏళ్ళు గుర్తొచ్చాయి. ఒకటి, రెండు అని నేర్పిన గొంతు... ఎంత ఓపిగ్గా నేర్పి ఉంటాడో, ఆ గొంతు.

"కోరితి వరం," అంది మంగతాయారు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఆదివారం తర్వాత... ఆయన చెయ్యి నీ కారు మీద పడకూడదు. ఎప్పటికీ."

దీపం వత్తి చిటపటలాడింది.

"ఇస్తి... వరం."

కరెంటు వచ్చింది. ఫ్రిజ్ గుర్రుమంది. దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి. పీట ఖాళీ. వెనక తలుపు వేసే ఉంది. పళ్ళెం లేదు. పీట మీద రెండు చుక్కలు, చిక్కగా, పచ్చగా. వాసన చూడక్కర్లేదు.

ఫోను టింగుమంది. శేషుకుమారి గొంతు, రికార్డు చేసి పంపింది. "సారీ ఆంటీ, ఇంకా హాస్పిటల్లోనే ఉన్నాను. ఇవాళ రాలేను, ఏమనుకోకండి."

ఆ రాత్రి ఈయనతో ఏమీ చెప్పలేదు. ఏమని చెప్తుంది? పొద్దున్నే ఆయనే నవ్వుతూ షెడ్డు నించి వచ్చాడు. చేతిలో ఇత్తడి పళ్ళెం.

"సీట్లో తాంబూలం పెట్టావా? బొట్టు కూడా పెట్టావు! ఇన్నాళ్ళకి దానిమీద కోపం పోయిందన్నమాట." పళ్ళెంలో శనగ గింజ ఒక్కటి కూడా లేదు. రవికెల గుడ్డ లేదు.

"వెళ్ళకండి," అంది ఆవిడ. "మీకు దణ్ణం పెడతాను. రేపు వెళ్ళకండి."

"నిన్నటిదాకా పోట్లాట, ఇప్పుడు దణ్ణాలా? ఏమైంది?"

నోరు తెరిచింది. వరం సంగతి చెప్పాలంటే, ఆ క్షణంలో ఆయన క్షేమం అడక్కుండా ఇంకోటి అడిగానని చెప్పాలి. ఆ సిగ్గుతో నోరు మూసుకుపోయింది. మంచి మాటే అడిగాను కదా, అని సర్దిచెప్పుకుంది. కారు అమ్మేస్తాడేమో. విసుగొచ్చి వదిలేస్తాడేమో. ఆదివారం తర్వాత ఆ కారుని ముట్టుకోడు... అంతేగా అడిగింది.

శనగలు వడకట్టిన జల్లెడ కడుగుతుంటే, ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని తట్టింది. చేతిలో జల్లెడ చేతిలోనే ఉండిపోయింది.

"పేరాచూట్ మడిచారా?" అని అడిగింది మెల్లగా.

ఆయన వేళ్ళు చూపించాడు. కణుపులు వాచి, కొయ్యముక్కల్లా ఉన్నాయి. "విఠల్‌కి రాదు. ఇంకెవరికీ ఇవ్వను. నీకు మనసొస్తే మడుస్తావు. లేకపోతే రేపు అక్కడ పక్కన నిలబెట్టి చూసి వస్తాను, అంతే."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. మడవకపోతే లైన్లోకి రానివ్వరు. తను మడవదు. అంతే, అక్కడితో అయిపోయింది. ఇంట్లో ఉంటే ఆయన మొహం చూసి కరిగిపోతుందేమో అని, ఈయనకి చెప్పకుండా అక్షరకి ఫోన్ చేసి, ఆ పిల్ల కారెక్కి వెళ్ళిపోయింది. శనివారమంతా ఊరవతల అక్షర ఫ్లాట్‌లో కూర్చుని, ఆ పిల్ల యూనివర్సిటీ పుస్తకాల అట్టల మీద పేర్లు కూడబలుక్కుంటూ గడిపింది. రాత్రికి అక్షర దగ్గరే ఉంటానని సాయంత్రం ఈయనకి కబురు పెట్టి, అక్కడే పడుకుంది. ఆముదం వాసన రాలేదు. గుండె కుదుటపడింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. అక్షర పక్కన కూర్చుని, ఒళ్ళో పులిహోర డబ్బాతో రన్‌వేకి వచ్చింది. పాపం, తోలలేకపోయాడు, ఆకలి మీదుంటాడు, అనుకుంది. పిల్లలు ఐస్‌క్రీములు తింటున్నారు. ముసలివాళ్ళు రంగురంగుల పాత కార్ల పక్కన టోపీలు పెట్టుకుని, మడత కుర్చీల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరికి వాళ్ళు తమ బండి గురించి, పోయిన తమవాళ్ళ గురించి. వింటుంటే వాళ్ళంతా ఆవిడకి ముద్దొచ్చారు. ఇంతమంది, ఏడు సెకన్ల కోసం, ఇన్నేళ్ళు...

"అమ్మమ్మా, లుక్! తాతయ్య లైన్లో ఉన్నాడు!"

పులిహోర డబ్బా జారింది.

కొంగ ముక్కు లాంటి ఆ కారు, పేరు మీద కుంకుమతో, గీత వెనక నిలబడి ఉంది. ఈయన సీట్లో బెల్టులు బిగించుకుని కూర్చున్నాడు. ఒళ్ళో హెల్మెట్. మొహం చూస్తే ముప్ఫై ఏళ్ళ వాడిలా వెలిగిపోతున్నాడు. కారు వెనక పేరాచూట్ సంచీ ముడి బిగించి ఉంది. లోపల గుడ్డ అంచు కొంచెం కనబడుతోంది. వరసగా, సన్నగా, కుచ్చెళ్ళు. సంచీ మూత మీద వేళ్ళ గుర్తులు, పచ్చగా.

పసుపు.

అక్షర తాడు దగ్గర కాపలా ఉన్న నారింజరంగు కోటువాడితో ఏదో వాదిస్తుంటే, మంగతాయారు తాడు కింద నించి దూరి పరిగెత్తింది. డెబ్బై ఏళ్ళ కాళ్ళు. అరవై ఏళ్ళ కిందటి పరుగు.

"ఏమండీ! దిగండి. దిగిపోండి. నేనో తప్పు చేశాను. అది మడిచింది నే..."

నారింజరంగు కోటువాడు వచ్చి రెక్క పట్టుకున్నాడు. వెనక ఎవరో ఇంజనుకి స్టార్టు చేసే మోటారు తగిలించారు. నేల అదిరింది. ఆముదం పొగ, నాయనమ్మ దీపంలా, తెల్లగా లేచింది. ద్వారకానాథ్ చెయ్యెత్తి, ఒక్క క్షణం ఆగమని సైగ చేశాడు వాళ్ళకి. వాచిన వేళ్ళతో ఆవిడ బుగ్గ తాకాడు. అంత ప్రేమగా చూసి ఎన్నేళ్ళయిందో. హెల్మెట్ తలకి తొడుక్కునే ముందు, ఆ చప్పుడులో ఆవిడ చెవి దగ్గరికి వంగి, చివరిగా ఆయన అన్నది ఇదే.

"తెలుసులే తాయారూ. నిన్న మధ్యాహ్నం నేను షెడ్డులో కునుకు తీస్తుంటే, నువ్వొచ్చి పక్కనే కూర్చుని పాడుకుంటూ మడిచావుగా... నేను లేస్తే ఎక్కడ ఆపేస్తావో అని, కళ్ళు కూడా తెరవలేదు. నాలుగో ముక్క వస్తే మొదట నాకే చెప్తానన్నావు... విన్నాను."